పన్నెండేళ్ల డెస్క్‌టాప్ ఇంకా నడుస్తోంది, అసలు కొత్తది కొనాలా?

వేకువజాము

అందరికీ నమస్కారం. 2013 చివర్లో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ నాది. ఐ5-4570 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇన్నేళ్లలో ఒకసారి ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు అందించే డబ్బా) పోయింది, మౌసులు మూడో నాలుగో మార్చాను. అంతకుమించి ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఈమధ్య మాత్రం ఆన్ చేశాక బ్రౌజర్ తెరుచుకునేసరికి నాలుగైదు నిమిషాలు పడుతోంది. దానికి తోడు విండోస్ 10కి సపోర్టు అయిపోయిందని నోటీసు. సరే, కొత్తది తీసుకుందామని తెలిసినవాళ్లని సలహా అడిగాను. అప్పుడు తట్టిన విషయం ఏమిటంటే, గత ఐదారేళ్లలో కొత్త డెస్క్‌టాప్ కొన్నవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. ఒకప్పుడు మూడేళ్లకోసారి సిస్టమ్ మార్చిన మా అన్నయ్య కూడా 2015లో కొన్నదే వాడుతున్నాడు, మార్చే ఆలోచనే లేదట.

ఎందుకిలా జరిగింది? నాలాంటివాడు ఇప్పుడు ఏం చేయాలి? నా పనంతా బ్రౌజర్, ఎక్సెల్, ఫొటోలు సర్దుకోవడం, వీడియోలు చూడటం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

స్క్రూడ్రైవర్

వేకువజాము గారూ, ఏదైనా కొనే ముందు ఒక పని చేయండి. సిస్టమ్ ఆన్ చేసి, ఆ నాలుగు నిమిషాలు నడుస్తుండగానే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని పక్కపక్కనే ఉంటాయి. ఏది 100 దగ్గర నిలబడిపోయిందో ఇక్కడ రాయండి. నా అంచనా డిస్క్ అని.

ఇరవై ఏళ్లుగా సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తున్నాను, రిపేర్లూ చేస్తున్నాను. పని ఎలా మారిందో చెప్తే మీ మొదటి ప్రశ్నకి కొంత జవాబు దొరుకుతుంది. ఒకప్పుడు "స్లో అయిపోయింది" అంటూ వచ్చినవాళ్లకి కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చక తప్పేది కాదు. ఒకటి మారిస్తే మిగతావి సరిపడేవి కావు. ఇప్పుడు అదే మాటతో వచ్చినవాళ్లలో ఎక్కువమందికి హార్డ్ డిస్క్ బదులు చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ వేసి, దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్చి పంపిస్తున్నాను. ఇంకో నాలుగైదేళ్లు తిరిగి రారు. కొత్త సిస్టమ్ అమ్ముడుపోలేదని నాకు బాధ లేదు కానీ, జరుగుతున్నది మాత్రం ఇదే.

పాతచిప్పు

మంచి ప్రశ్న. ఫోన్లు వచ్చాయి కాబట్టి డెస్క్‌టాప్‌లు పోయాయని అందరూ చెప్పే మాట. అది సగమే. మిగతా సగం చిప్పుల్లో ఉంది.

ఇంటెల్ పెంటియం 1993లో 60 మెగాహెర్ట్జ్ వేగంతో వచ్చింది. 2000 మార్చిలో ఏఎండీ అథ్లాన్ 1 గిగాహెర్ట్జ్ తాకింది, ఇంటెల్ కూడా రెండు రోజుల తేడాలో అక్కడికి చేరింది. అంటే ఏడేళ్లలో పదహారు రెట్లకు పైగా. 2004కి పెంటియం 4 చిప్పు 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లింది. ఇక అక్కడ ఆగింది. 2024లో ఇంటెల్ అమ్మిన అత్యంత వేగమైన డెస్క్‌టాప్ చిప్పు 6.2 గిగాహెర్ట్జ్. ఇరవై ఏళ్లలో రెండింతలు కూడా కాలేదు.

కారణం వేడి. ట్రాన్సిస్టర్ చిన్నదైన కొద్దీ దానికి కావాల్సిన వోల్టేజీ కూడా తగ్గుతుంది, కాబట్టి అదే వేడిలో వేగం పెంచుకోవచ్చు అని ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1974లో సూత్రీకరించాడు. మూడు దశాబ్దాలు పరిశ్రమ ఆ సూత్రం మీదే నడిచింది. 2005 ప్రాంతంలో అది చెల్లకుండా పోయింది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నాయి కానీ వోల్టేజీ తగ్గడం లేదు, లీకయ్యే కరెంటు పెరుగుతోంది. పెంటియం 4 తర్వాత రావాల్సిన టేజస్ అనే చిప్పుని ఇంటెల్ 2004లోనే రద్దు చేసుకుంది. అప్పటినుంచి వేగం బదులు కోర్లు, అంటే ఒకే చిప్పులో పక్కపక్కన పనిచేసే ప్రాసెసర్లు, పెంచడం మొదలుపెట్టారు.

అందులోనూ పదేళ్లు స్తబ్ధతే. ఇంటెల్ నాలుగు కోర్ల చిప్పు క్యూ6600 2007 జనవరిలో వచ్చింది. 2017 జనవరిలో వచ్చిన ఐ7-7700కే కూడా నాలుగు కోర్లే! అదే ఏడాది మార్చిలో ఏఎండీ నుంచి ఎనిమిది కోర్ల రైజెన్ వచ్చాకే ఇంటెల్‌లో కదలిక వచ్చింది. వేకువజాము గారి 4570 సరిగ్గా ఆ స్తబ్ధత మధ్యలో పుట్టిన చిప్పు. దాని తర్వాత మూడు నాలుగు తరాల దాకా మార్చుకోవాల్సినంత తేడా ఎవరికీ కనబడలేదు. మీ అన్నయ్యకి కొనాలనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చిన్నపిట్ట

నేను డిగ్రీ మూడో సంవత్సరం. మా క్లాసులో డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఇద్దరే, ఇద్దరూ గేమ్స్ ఆడేవాళ్లు. మిగతా అందరికీ ల్యాప్‌టాప్, అది లేనివాళ్లకి ఫోన్. అసైన్‌మెంట్ కూడా ఫోన్‌లో టైప్ చేసి పంపేస్తారు. హాస్టల్‌కి, ఇంటికి, లైబ్రరీకి మోసుకెళ్లాలి కదండీ. డెస్క్‌టాప్ ఎంత మంచిదైనా ఒక్క చోటే ఉంటుంది. కరెంటు పోతే యూపీఎస్ ఉన్నంతసేపే.

సర్వర్‌గది

చిన్నపిట్ట చెప్పింది ఆఫీసులకి కూడా వర్తిస్తుంది. అసలు డెస్క్‌టాప్‌లు ఎక్కువ అమ్ముడుపోయేది ఇళ్లకి కాదు, ఆఫీసులకి, స్కూళ్లకి. ప్రపంచం మొత్తం మీద ల్యాప్‌టాప్‌ల అమ్మకాలు డెస్క్‌టాప్‌లని దాటింది 2008 మూడో త్రైమాసికంలో. ఆ తేడా తర్వాత పెరుగుతూనే వచ్చింది. రెండూ కలిపి చూసినా 2011లో ఏడాదికి 35 కోట్లు దాటిన అమ్మకాలు ఆ తర్వాత వరసగా కొన్నేళ్లు పడిపోయాయి.

నేను చూసుకునే ఆఫీసులో 2019 దాకా ప్రతి టేబుల్ మీదా ఒక టవర్ ఉండేది. 2020లో అందరినీ ఇంటినుంచి పనిచేయమన్నప్పుడు మొదటి వారం ఏం జరిగిందో నాకింకా గుర్తుంది. కొందరు టవర్, మానిటర్ కార్లో వేసుకుని తీసుకెళ్లారు. ఒకాయన బైకు మీద వెనక కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టించి తీసుకెళ్లారు. ఇంటికెళ్లాక వైఫై లేదు, ఎందుకంటే ఆ టవర్లలో వైఫై కార్డే లేదు! రాత్రి పదకొండింటికి ఫోన్లో ఒక్కొక్కరికీ యూఎస్‌బీ టెథరింగ్ ఎలా చేయాలో చెప్పాను. ఆ టెన్షన్ చూశాక మేనేజ్‌మెంట్ మళ్లీ డెస్క్‌టాప్ కొనలేదు. ఇప్పుడు టేబుల్ మీద మానిటర్, కీబోర్డు, వాటిని ల్యాప్‌టాప్‌కి కలిపే డాక్ ఉంటాయి. వచ్చినవాళ్లు ఒక్క టైప్-సి కేబుల్ తగిలించుకుని కూర్చుంటారు.

అకౌంట్స్ విభాగంలో ఇద్దరు మాత్రం పట్టుబట్టి పాత టవర్లే ఉంచుకున్నారు. బాగానే పనిచేస్తున్నాయి.

నీలిరేఖ

అందరూ "పాతదే చాలు" అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. 2014 నాటి ఐ7తో 2022 దాకా లాగాను, ఇలాంటి సలహాలు విని. అది నేను చేసిన పొరపాటు.

ఇప్పటి కెమెరాల్లో చాలావి హెచ్.265 అనే ఫార్మాట్‌లో 10-బిట్ వీడియో రికార్డు చేస్తాయి. ఆ ఫైల్ పాత సిస్టమ్‌లో టైమ్‌లైన్ మీద వేసి ప్లే నొక్కితే ఒక బొమ్మ వస్తుంది, ఆగుతుంది, రెండు సెకన్ల తర్వాత ఇంకో బొమ్మ వస్తుంది. ప్రతి క్లిప్పుకీ ముందు ప్రాక్సీ, అంటే తేలికపాటి నకలు, తయారుచేసుకుని కూర్చోవాలి. గంట పని మూడు గంటలు. ఎస్‌ఎస్‌డీ వేసినా, ర్యామ్ పెంచినా అది మారలేదు, ఎందుకంటే ఆ ఫార్మాట్‌ని విప్పే సర్క్యూట్ ఆ చిప్పులోనే లేదు. కొత్త సిస్టమ్ వచ్చిన రోజు అదే ఫైల్ వేశాను, నీళ్లలా కదిలింది. ఎనిమిదేళ్లలో ఎన్ని సాయంత్రాలు ఆ ప్రోగ్రెస్ బార్ ముందు పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది.

కాబట్టి పని ఏదో చూసి చెప్పండి, అందరికీ ఒకే మందు వద్దు. వేకువజాము గారి పనికి పాతది చాలొచ్చు. ఇది చదివే ఎడిటింగ్ వాళ్లు మాత్రం నాలా ఆగిపోవద్దు.

ఫ్రేమ్‌రేటు

నీలిరేఖ అక్క చెప్పింది కరెక్టే. డెస్క్‌టాప్ ఇప్పుడు గట్టిగా కావాల్సినవాళ్లకే మిగిలింది: గేమింగ్, ఎడిటింగ్, 3డీ, ఇంట్లో ఏఐ మోడల్స్ నడిపేవాళ్లు. కానీ మా గేమర్లు కూడా కొనడం తగ్గించారు, దానికి మాత్రం కారణం ఒక్కటే: గ్రాఫిక్స్ కార్డు.

2021లో కార్డు దొరకడమే గగనం. ఆ కార్డులతో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ వాళ్లు పట్టుకుపోయేవారు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ పద్ధతి వదిలేశాక కార్డులు దొరికాయి గానీ, ధరలు పాత చోటుకి దిగిరాలేదు. కరెంటు కూడా చూడండి. 2017లో జీటీఎక్స్ 1080 టీఐ 250 వాట్లు. 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు. దాని కోసం ఎస్‌ఎంపీఎస్ మార్చాలి, క్యాబినెట్ మార్చాలి. మా ఫ్రెండ్స్‌లో ముగ్గురు ఇదంతా ఎందుకని చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ తీసుకున్నారు. నేను ఇప్పటికీ 2019లో కొన్న కార్డుతోనే ఆడుతున్నాను, 1080పీలో సెట్టింగ్స్ కొంచెం తగ్గించి.

వేకువజాము

అందరికీ థాంక్స్. స్క్రూడ్రైవర్ గారూ, మీరన్నట్టే చూశాను. సీపీయూ 15 నుంచి 20 మధ్య ఆడుతోంది. మెమరీ 60. డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయింది, దాదాపు నాలుగు నిమిషాలు దిగలేదు. ఆశ్చర్యం ఏమిటంటే అంత బిజీగా ఉన్నా కింద స్పీడు సెకనుకి 1 ఎంబీ, 2 ఎంబీ అనే చూపిస్తోంది. డిస్క్ పాడైందా?

స్క్రూడ్రైవర్

పాడైందని ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం. అది హార్డ్ డిస్క్ తీరు. లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన డేటా ముక్క, చదివే ముల్లు కిందకి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి. ముల్లు అక్కడికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. ఒక్క ముక్క చదవడానికి మొత్తం పన్నెండు మిల్లీసెకన్ల పైమాటే. సెకనుకి ఎనభై ముక్కలు వస్తే గొప్ప. విండోస్ 10 బూట్ అయ్యేటప్పుడు, అప్‌డేట్, యాంటీవైరస్, సెర్చ్ ఇండెక్స్ అన్నీ కలిసి వేలకొద్దీ చిన్న ముక్కలు ఒకేసారి అడుగుతాయి. ముక్క 16 కేబీ అనుకుంటే ఎనభై ముక్కలకి ఎంత? సెకనుకి 1.3 ఎంబీ. మీరు చూసిన అంకె అదే.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి పదివేల ముక్కల పైనే అందిస్తుంది. పదేళ్ల చిప్పుల ప్రగతి కంటే ఈ ఒక్క మార్పు మీ కంటికి ఎక్కువ కనబడుతుంది.

మీ బోర్డు గురించి ఒక జాగ్రత్త. హెచ్81 చిప్‌సెట్‌లో డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగుంటాయి, అందులో రెండే 6 గిగాబిట్ వేగానివి. మిగతా రెండూ 3 గిగాబిట్‌వి. చాలా బోర్డుల మీద రంగు తేడా ఉంటుంది, పక్కన నంబరు కూడా అచ్చేసి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీని వేగం ఉన్న పోర్టుకే పెట్టండి. పాత డిస్క్‌లో ఫొటోలు ముందుగా వేరే చోట కాపీ చేసుకోండి. పన్నెండేళ్ల డిస్క్‌ని నమ్మకూడదు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో రీఎలొకేటెడ్ సెక్టార్ల (పాడైపోతే డిస్క్ పక్కన పెట్టేసిన ముక్కల) లెక్క కూడా చూడండి.

బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ కూడా మార్చేయండి, సీఆర్2032. టైమ్ తప్పు చూపించేదాకా ఎవరూ దాన్ని పట్టించుకోరు.

అక్షరమాల

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పుకోవాలి. మెషిన్ నెమ్మదించింది కాబట్టి మార్చడం వేరు. పనిచేస్తున్న మెషిన్‌ని ఒక జాబితాలో లేదని మార్చమనడం వేరు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో 8వ తరం, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచే. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చేనాటికి ఇంటెల్ 7వ తరం డెస్క్‌టాప్ చిప్పులకి నిండా ఐదేళ్లు లేవు. వాటిలో కొన్ని తప్ప అన్నీ జాబితా బయటే. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 సపోర్టు అయిపోయింది. నిన్నటిదాకా నిక్షేపంగా పనిచేసిన కోట్ల మెషిన్లు ఒక్క తేదీతో పాతబడిపోయాయి.

నేను అనువాదాలు చేస్తాను. 2012 నాటి సిస్టమ్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకుని మూడేళ్లయింది. మొదటి రెండు వారాలు తడబడ్డాను, ముఖ్యంగా ప్రింటర్ దగ్గర. ఆ తర్వాత రోజూ ఎనిమిది గంటలు దాని మీదే. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ రెండూ హాయిగా నడుస్తాయి. ఆ టవర్ చెత్తలోకి వెళ్లాల్సిన వస్తువు కాదు, వెళ్లనివ్వను కూడా.

పాతచిప్పు

అక్షరమాల గారు చెప్పినదానికి ఒక చేర్పు. విండోస్ 95కి కనీసం 4 ఎంబీ ర్యామ్ చాలన్నారు. 2001లో ఎక్స్‌పీకి 64 ఎంబీ. 2007లో విస్టా హోమ్ ప్రీమియంకి 1 జీబీ. అంటే పన్నెండేళ్లలో 256 రెట్లు. జనం కొత్త సిస్టమ్‌లు కొన్నారంటే, కొత్త విండోస్ పాత దాంట్లో పట్టేది కాదు కాబట్టే. ఆ తర్వాత 2009లో విండోస్ 7 32-బిట్‌కి కనీస ర్యామ్? 1 జీబీ. 2015లో విండోస్ 10 32-బిట్‌కి? అదే 1 జీబీ. పైగా 7 వాడేవాళ్లలో చాలామందికి 10 ఉచితంగా ఇచ్చారు. నా దృష్టిలో డెస్క్‌టాప్ అమ్మకాలకి పెద్ద మలుపు అది. సాఫ్ట్‌వేర్ బరువు హార్డ్‌వేర్‌ని తోయడం మానేసింది.

కనీస ర్యామ్‌తో ఎవరూ సుఖంగా పనిచేయలేరని నాకూ తెలుసు. కానీ దిశ చూడండి.

ఇప్పుడు బరువంతా బ్రౌజర్ మీద పడింది. ఒకప్పుడు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న మెయిల్, డాక్యుమెంట్లు, అకౌంట్లు, బొమ్మల ఎడిటింగ్ కూడా ట్యాబుల్లోకి వెళ్లిపోయాయి. పని ట్యాబులో జరిగితే కింద ఏ మెషిన్ ఉందన్నది పెద్దగా పట్టదు. వేకువజాము గారూ, మీరు ఎస్‌ఎస్‌డీతో పాటు ర్యామ్ 16 జీబీ చేసుకోండి. మీ బోర్డుకి రెండే స్లాట్లు, గరిష్ఠం 16.

సర్వర్‌గది

పాతచిప్పు గారి లెక్కతో నాకు పేచీ లేదు. అక్షరమాల గారి కోపం న్యాయమే, కానీ సెక్యూరిటీ మాట పక్కకి పోకూడదు. అప్‌డేట్లు రాని విండోస్‌తో బ్యాంకు పనులు చేయొద్దు, దయచేసి. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు దెబ్బతిన్నవి ఎక్కువగా ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) వేసుకోని విండోస్ 7 మెషిన్లే. ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే వచ్చింది. నేను ఆ వారం నిద్రపోలేదు.

విండోస్ 10లోనే ఉండాలంటే ఇళ్లలో వాడేవాళ్లకి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఉన్నాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు కనబడుతుంది. తర్వాత లినక్సో, కొత్త మెషినో తేల్చుకోవాలి. టీపీఎం తనిఖీ దాటవేసి విండోస్ 11 ఎక్కించే చిట్కాలు దొరుకుతాయి. 4570 మీద ఎక్కుతుంది కూడా. కానీ తర్వాతి అప్‌డేట్ ఆగిపోతే మనకి అడిగే హక్కు ఉండదు. నేనైతే అమ్మానాన్నల మెషిన్‌కి ఆ పని చేయను.

చిన్నపిట్ట

ఒక డౌట్. కొత్తది కొనాల్సే వస్తే టవరే కావాలా? అరచేతిలో పట్టే మినీ పీసీలు ఉన్నాయి కదా?

స్క్రూడ్రైవర్

ఆఫీసు పనికి అవి భేషుగ్గా సరిపోతాయమ్మా. ల్యాప్‌టాప్ చిప్పే లోపల ఉంటుంది, ఊరికే ఉన్నప్పుడు పది వాట్లు కూడా తాగదు. మానిటర్ వెనక బిగించేయొచ్చు. కానీ కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కొనేముందు అది చూసుకో. రేపు పెంచుకోలేనిది పన్నెండేళ్లు ఎలా వాడతాం? ఈయన టవర్ ఇంతకాలం బతికిందంటే ఎస్‌ఎంపీఎస్ పోయిన రోజు నాలుగు స్క్రూలు విప్పి వేరేది బిగించగలిగారు కాబట్టే.

ఫ్రేమ్‌రేటు

ఇంకోటి, ఇది కొత్తగా కొనేవాళ్లు చూసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులన్నీ పోతున్నాయి. మెమరీ తయారుచేసే మైక్రాన్ అయితే డిసెంబర్‌లో క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు జనానికి అమ్మడమే మానేస్తున్నామని చెప్పేసింది. కొత్త బిల్డ్ ప్లాన్ చేసుకున్న మా ఫ్రెండ్ ర్యామ్ దగ్గరే ఆగిపోయాడు. మిగతా పార్టులు పెట్టెల్లోనే ఉన్నాయి.

వేకువజాము

తొమ్మిది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోవద్దు. పని అయింది.

ముందు ఫొటోలన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. ఒక రాత్రంతా పట్టింది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పసుపు రంగు, రీఎలొకేటెడ్ సెక్టార్లు ఉన్నాయి. స్క్రూడ్రైవర్ గారు చెప్పకపోతే 2014 నుంచి ఉన్న మా అమ్మాయి ఫొటోలు ఏమయ్యేవో.

క్యాబినెట్ పక్క మూత విప్పాను. పన్నెండేళ్లలో నేను స్వయంగా విప్పడం అదే మొదటిసారి. ప్రాసెసర్ ఫ్యాన్ కింద హీట్‌సింక్ రెక్కలు కనబడలేదు, బూడిదరంగు కంబళి ముక్క పరిచినట్టు దుమ్ము. బ్రష్‌తో అంచు పట్టి లేపితే అట్టలా ఒకే ముక్కగా ఊడి వచ్చింది. థర్మల్ పేస్ట్ ఎండి సుద్దలా రాలింది. హార్డ్ డిస్క్ కేబుల్ 3 గిగాబిట్ పోర్టుకి పెట్టి ఉంది, మొదటిరోజు నుంచీ. పక్కనే 6 గిగాబిట్ పోర్టులు రెండూ ఖాళీ. ఒకదానికి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ తగిలించాను. వాడిన డీడీఆర్3 ర్యామ్ ఒక 8 జీబీ ముక్క దొరికింది, అదీ వేశాను. బ్యాటరీ మార్చాను.

ఇప్పుడు బటన్ నొక్కిన 22 సెకన్లకి బ్రౌజర్ తెరుచుకుని ఉంటోంది. మూడుసార్లు ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను. ఎక్సెల్‌లో నేను రోజూ తెరిచే పెద్ద ఫైల్‌కి ఇదివరకు లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చేవాణ్ని, ఇప్పుడు కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గింది.

సర్వర్‌గది గారూ, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకి నమోదు చేశాను. అక్షరమాల గారూ, మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూశాను. వైఫై డాంగిల్ వెంటనే పనిచేసింది, ప్రింటర్ మాత్రం మీరన్నట్టే మొండికేసింది. అది పాత మోడల్, యూఎస్‌బీ. మీకు చివరికి ఎలా కుదిరిందో కాస్త వివరంగా రాస్తారా? అక్టోబర్ లోపు ఆ ఒక్కటీ తేలితే నేను అటు వచ్చేస్తాను.

అక్షరమాల

తప్పకుండా. ప్రింటర్ మోడల్ నంబరు రాయండి. మీరు పెన్‌డ్రైవ్ నుంచి నడిపారు కాబట్టి డ్రైవర్ వేసినా రీస్టార్ట్ చేస్తే నిలవదు, ముందు డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో ఒక 60 జీబీ ఖాళీ చేసి పెట్టుకోండి, విండోస్ పక్కనే వేద్దాం. నాది హెచ్‌పీ ప్రింటర్, హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ వేశాక వచ్చింది. మీది వేరే కంపెనీ అయితే దారి వేరు.